జయమణి మెడ, పుల్లయ్య సాక్ష్యం

పెనుగంచిప్రోలులో పుల్లయ్య గేదె సంగతి వినని మనిషి ఉన్నాడంటే, ఆ మనిషి నిన్నగాక మొన్న ఊళ్ళోకి దిగినవాడై ఉండాలి. మున్నేటికి పెద్ద వరదొచ్చిన ఏడు ఒక చూడిగేదె నీళ్ళలో కొట్టుకుపోయి, దారిలోనే ఈని, ఏరు కృష్ణలో కలిసే చోట దూడతో సహా ఒడ్డెక్కిందట. అంతవరకే అయితే ఎవరైనా నమ్ముతారు. దాన్ని వెనక్కి తోలుకొస్తూ దారిలో ప్రతి ఊళ్ళోనూ ఒక పూట పాలు పితికి పోశానని, అందుకే నందిగామ దాకా తనకు చుట్టాలేనని పుల్లయ్య చెప్పేవాడు. నిజానికి ఆ వరద నాటికి అతనికి నాలుగేళ్ళు.

పుల్లయ్య మిరపకోతల మేస్త్రీ. పాతికమంది ఆడకూలీలను పొద్దున్నే ట్రక్కాటోలో ఎక్కించుకుని తోటకు తీసుకుపోవడం, సాయంత్రం తెచ్చి పేటలో దించడం అతని పని. మిగతా మేస్త్రీలు కూలీలను అదిలించి కోయించేవారు. పుల్లయ్య కథ చెప్పి కోయించేవాడు. సాలు మొదట్లో కథ ఎత్తుకుని, ముందు నడుస్తూ, సాలు చివరిదాకా సాగదీసేవాడు. వినాలంటే కోసుకుంటూ అతని వెనకే రావాలి. వెనకబడ్డవాళ్ళకు గేదె ఈనిందో మునిగిందో తెలియదు. ఈ కిటుకు తెలిసిన రైతులు పుల్లయ్య ముఠాయే కావాలని కబురు పెట్టేవారు.

ముఠాలో మొదటి సాలు అతని భార్య జయమణిది. ముప్ఫయ్యేళ్ళుగా విని విని ఆమెకు ఆ కథలన్నీ నోటికొచ్చు. పుల్లయ్య ఎక్కడైనా కొత్త ముక్క అతికించాడా, తల ఎత్తకుండా, చెయ్యి ఆపకుండా, "పోయినేడు ఒక్క దూడేగా, ఇప్పుడు కవలలా?" అనేది. ఆడవాళ్ళంతా గొల్లుమనేవారు. పుల్లయ్యకు కోపం రాకపోగా, ఆ మాట కోసమే కవలల్ని పుట్టించినట్టు ముసిముసిగా నవ్వుకునేవాడు.

ఆ జయమణి మెడకు మూడేళ్ళ కిందట, రెండో కోతలప్పుడు, నిమ్మకాయంత వాపు కనిపించింది. నొప్పి లేదు, జ్వరం లేదు. గుటక వేసినప్పుడు మాత్రం అది కూడా గొంతుతో పాటు పైకి లేచి కిందికి దిగేది. ఊళ్ళో ఆరెంపీ చూసి, "థైరాయిడ్ అయ్యుంటదమ్మా, జగ్గయ్యపేట పోయి చూపించుకోండి" అన్నాడు.

జగ్గయ్యపేటలో డాక్టరమ్మ మెడ తడిమి చూసి రక్తపరీక్ష రాసింది. పొద్దున రక్తం ఇస్తే సాయంత్రానికి కాగితం చేతికొచ్చింది. లోపల రద్దీగా ఉంది, ఒక్కరే రమ్మన్నారు. జయమణి బయట బల్ల మీద సంచీ ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది. పుల్లయ్య కాగితం పట్టుకుని లోపలికి వెళ్ళాడు.

"అన్నీ నార్మలేనండి," అంది డాక్టరమ్మ.

పుల్లయ్య రెండు చేతులూ ఎత్తి దండం పెట్టి లేచాడు.

"ఆగండాగండి. రక్తం నార్మల్ గానీ వాపు ఉందిగా? రెండు నెలలు చూడండి. తగ్గకపోతే మెడకి స్కాను తీయించాలి. మర్చిపోకండి."

"అట్టాగేనమ్మా," అన్నాడు పుల్లయ్య. ఆ మాట అతనికి వినపడింది. బాగానే వినపడింది. కానీ తలుపు తీసుకుని బయటికి వచ్చేసరికి, బల్ల మీద నుంచి బెదురుగా చూస్తున్న జయమణి కళ్ళు కనిపించేసరికి, నోట మొదటి సగమే వచ్చింది.

"నార్మలంటే! మొత్తం నార్మల్!"

రెండో సగాన్ని దాచాలని అతను దాచలేదు. ఆటో ఎక్కాక చెబుదామనుకున్నాడు. ఆటోలో తెలిసినవాళ్ళు కలిశారు. ఇంటికెళ్ళాక చెబుదామనుకున్నాడు. ఇంటి ముందు పేటలో సగం మంది నిలబడి ఉన్నారు, ఏమన్నారు ఏమన్నారు అంటూ. పుల్లయ్యకు అక్కడే కథ దొరికింది. ముగింపు దొరికిన కథకు వెనకాల ఇంకో ముక్క తగిలించడం అతని వల్ల అయ్యే పని కాదు.

ఆ ఆదివారం మందిరంలో సాక్ష్యాల వేళ పుల్లయ్య లేచాడు. వాళ్ళలో అది రివాజు. మేలు పొందినవాళ్ళు ఆరాధనలో నిలబడి నలుగురికీ చెప్పాలి. చెప్పకుండా ఊరుకుంటే మేలు చేసినవాణ్ణి మరిచినట్టు. చెప్పాక దాన్ని కాదంటే ఇక ఆ మనిషి మాటకు విలువుండదు. మైకు పట్టుకుని పుల్లయ్య గొంతు సవరించుకున్నాడు.

"సంఘమా! మా ఇంటిదాని మెడకి తాటిపండంత గడ్డ లేచింది. వంగి గడప దాటాల్సిన మనిషి, వంగలేక రెండ్రోజులు వాకిట్లోనే ఉండిపోయింది. జగ్గయ్యపేటలో రక్తం తీసి మిషన్లో పోస్తే, మిషన్ గుర్రుమని ఆగిపోయింది. మళ్ళీ పోశారు. మళ్ళీ ఆగింది. మూడోసారి నేను మోకాళ్ళ మీద పడ్డా. అప్పుడొచ్చింది కాగితం! మూడు గీతలు, మూడిట్లోనూ ఒకటే మాట. నార్మల్! నార్మల్! నార్మల్!"

మందిరం స్తోత్రాలతో దద్దరిల్లింది. ఆడవాళ్ళ వైపు చాప మీద కూర్చున్న జయమణి ముసుగు గడ్డం దాకా లాక్కుని తల వంచుకుంది. గడప, వాకిలి సంగతి కల్పన అని ఆమెకు తెలుసు. నార్మల్ మాత్రం నిజమేగా అనుకుంది.

పాస్టరు దేవరాజ్ గారు మంచివాడు. సాక్ష్యం బాగుందని జగ్గయ్యపేట సభలకు పుల్లయ్యను వెంటబెట్టుకు వెళ్ళాడు. అక్కడ తాటిపండు కొబ్బరికాయ అయింది. నందిగామలో, ఇంటికి తిరిగొచ్చేలోపలే గడ్డ ఆటోలోనే వెన్నలా కరిగిపోయిందన్న ముక్క చేరింది. మైలవరం వెళ్ళేసరికి ఆటో డ్రైవరు ఆ వింత చూసి బండి ఆపి ఏడ్చాడు కూడా.

ఇంట్లో మాత్రం నిమ్మకాయ నిమ్మకాయలా ఉండలేదు. ఆ ఏడాది చివరికి బత్తాయి అయింది.

ఇది పుల్లయ్యకు తెలియదా అంటే, తెలుసు. తెలియనట్టు బతకడం నేర్చుకున్నాడు. భార్యతో మాట్లాడేటప్పుడు ఆమె కళ్ళు చూసేవాడు, చేతులు చూసేవాడు, మధ్యలో ఉన్నదాన్ని దాటేసేవాడు. జయమణి కూడా అతనికి ఆ కష్టం లేకుండా చేసింది. తోటలో మిరప ఘాటుకు ఆడవాళ్ళంతా ముక్కుకూ మెడకూ తువ్వాలు చుట్టుకుంటారు. ఆమె ఇంటికొచ్చాక కూడా విప్పేది కాదు. మందిరంలో ముసుగు ఉండనే ఉంది. చలికాలం మఫ్లరు. ఎండాకాలం, స్నానం చేసొచ్చి తల ఆరబెట్టుకునే వంకతో జుట్టు ముందుకు వేసుకునేది. అలా మూడేళ్ళు గడిచాయి.

ఈ ఏడు కాయ బాగా కాసింది. ఊళ్ళో కూలీలు చాలక ఖమ్మం వైపు నుంచి కొందరిని తెచ్చుకున్నారు. ఫిబ్రవరి నెలలో ఒక మధ్యాహ్నం గట్టు మీద అంతా అన్నాలకు కూర్చున్నారు. కొత్తవాళ్ళు దొరికితే పుల్లయ్య ఊరుకుంటాడా? గేదెతో మొదలెట్టి మెడ దాకా వచ్చాడు. కథలో ఆటో డ్రైవరు ఏడుస్తుండగా, కొత్త కూలీల్లో ఒక పెద్దామె బుగ్గన చెయ్యి పెట్టుకుంది.

"గా మెడ గీ అక్కదేనా?" అని జయమణి వైపు తిరిగింది. "ఏదక్కా, గా తువ్వాల తియ్యి జెర. సూసి దండం పెట్టుకుంట. నా బిడ్డకు గూడ గిట్లనే ఉన్నది."

జయమణి అన్నం పిసకడం ఆపింది.

"ఏం చూస్తావమ్మా, కరిగిపోయినదాన్ని," అన్నాడు పుల్లయ్య నవ్వుతూ. నవ్వు సరిగ్గా రాలేదు.

"కరిగిన మెడనే సూస్తనయ్యా."

"నీళ్ళు తాగొస్తా," అంటూ జయమణి గిన్నె అక్కడే వదిలి, బోరు వైపు నడిచింది. పక్కనున్న ఏసురత్నం ఆ గిన్నె పుల్లయ్య ముందుకు తోసింది. ఏసురత్నం జయమణికి చెల్లెలి వరస. పుల్లయ్యను ఆటపట్టించకుండా ఆమెకు పూట గడవదు. ఆ రోజు మాత్రం గొంతు తగ్గించింది.

"చూడు బావా. అన్నంలో చెంబుడు నీళ్ళు పోసి పిసికింది, తాగటానికి. మా అక్క ముద్ద మింగి ఎన్నాళ్ళయిందో నీకు తెలుసా? మిషన్లు ఆపినోడివి, ఇది కనిపెట్టలా?"

పుల్లయ్య గిన్నెలోకి చూశాడు. లేచి బోరు దగ్గరికి వెళ్ళాడు.

జయమణి తువ్వాలు విప్పి మెడ మీద నీళ్ళు చల్లుకుంటోంది. అతని అడుగుల చప్పుడు విని కూడా చుట్టుకోలేదు. మెడ ముందు భాగమంతా నిండిపోయి, ఒక పక్కకు ఎక్కువ పొంగి, చర్మం నిగనిగలాడుతోంది. పుల్లయ్య జీవితంలో ఎన్నో గడ్డల్ని పెంచాడు గానీ, ఇంత గడ్డను ఎక్కడా చెప్పలేదు.

"ఎప్పట్నించే ఇది?"

"ఎప్పుడు పోయింది గనక?" ఆమె గొంతు బొంగురుగా ఉంది. ఆ బొంగురు కూడా ఘాటు వల్లనే అని అతను ఏడాదిగా అనుకుంటున్నాడు.

"మరి నాకు చెప్పొద్దా?"

"చెప్పి? ఎన్ని సభల్లో చెప్పావయ్యా నువ్వు! రేపు నా మెడ చూస్తే నిన్నేమంటారు జనం? గేదె సంగతంటే నవ్వి ఊరుకుంటారు. ఇది మైకులో చెప్పిందాయె." చెంగుతో మెడ తుడుచుకుంది. "నేనేం ఊరికే కూచోలా. బజారుకని చెప్పి రెండుసార్లు జగ్గయ్యపేట పోయా. నా అంతట నేనే ల్యాబులో రక్తం ఇచ్చొచ్చా. రెండుసార్లూ నార్మలే. కాగితాలు బియ్యం డబ్బాలో ఉన్నయ్. మొదటిదాంతో కలిపి మూడుసార్లు నార్మల్. రక్తం అబద్ధం చెప్తందా, మెడ అబద్ధం చెప్తందా? ఎవర్నడగాలి నేను?"

పుల్లయ్య నోరు తెరిచాడు. డాక్టరమ్మ మాట నాలుక చివరిదాకా వచ్చింది.

"ఇంకేముందిలే, నాకే విశ్వాసం చాల్లేదనుకున్నా," అంది జయమణి. "నువ్వు నమ్మావ్, సంఘం నమ్మింది, కాగితం నమ్మింది. నమ్మంది నా మెడొక్కటే. లోపం నాలోనే ఉండుంటదని రోజూ ఏడ్చుకుంటా ప్రార్థన చేస్తన్నా."

నాలుక చివరిదాకా వచ్చిన మాట వెనక్కి పోయింది. "రేపే పోదాం. విజయవాడ పోదాం, ఎవరికీ తెలవకుండా," అన్నాడు.

"తెలవకుండా పోయి పోయి విసిగిపోయా. దొంగసొమ్ము దాచినట్టు మెడ దాచుకు తిరుగుతున్నా. ఇంక దొంగచాటుగా నేను ఆస్పత్రి మెట్లెక్కను. చెప్పిన నోటితోనే తగ్గలేదని చెప్పు. అప్పుడొస్తా."

ఆ వచ్చే ఆదివారమే మందిరంలో పంట కానుకల పండుగ. కొత్త ధాన్యం, మిరపకాయలు, గుమ్మడికాయలు, కాళ్ళు కట్టేసిన కోళ్ళు అన్నీ తెచ్చి వేదిక ముందు పెడతారు. నందిగామ నుంచి కూడా విశ్వాసులు వచ్చారు. సాక్ష్యానికి పుల్లయ్యను పిలుస్తామని దేవరాజ్ గారు నెల ముందే చెప్పి ఉంచాడు.

పుల్లయ్య మైకు అందుకున్నాడు. ఇంకా నోరు విప్పకముందే జనం ముఖాల్లో నవ్వు సిద్ధంగా ఉంది. ఆ నవ్వు చూస్తే అతని నోట్లో కథ దానంతటదే ఊరుతుంది.

"సంఘమా! మా ఇంటిదాని మెడకి మూడేళ్ళ కిందట..." అని ఎత్తుకుని, తాటిపండు దగ్గర ఆగాడు. "నిమ్మకాయంత. నిమ్మకాయంతే లేచింది."

జనం నవ్వారు.

"మిషన్ ఆగలా. ఆటో డ్రైవరు ఏడవలా. నేను మోకాళ్ళ మీద పడలా, క్యూలో నిలబడ్డా. గడ్డ కరగలా."

ఇంకా నవ్వారు. ఇది కొత్త పద్ధతి కాబోలు, చివర్లో పెద్ద మెలిక ఉంటుంది కాబోలు అని వెనక వరసలవాళ్ళు ముందుకు జరిగారు. నందిగామ నుంచి వచ్చిన ఒకాయన చప్పట్లు కూడా కొట్టాడు. పుల్లయ్యకు చెమటలు పట్టాయి. అరవయ్యేళ్ళలో అతను చెప్పిందల్లా జనం నమ్మారు, నమ్మకపోయినా నమ్మినట్టు ఊ కొట్టారు. ఉన్నదున్నట్టు చెబుతుంటే మాత్రం ఎవరూ నమ్మడం లేదు.

"నవ్వబాకండి," అన్నాడు. "డాక్టరమ్మ నార్మల్ అనటం నిజం. అని ఊరుకోలా. వాపు రెండు నెలల్లో తగ్గకపోతే మెడకి స్కాను తీయించాలంది. మర్చిపోకండి అంది. ఆ మాట మీకు చెప్పలా నేను. ఎవరికీ చెప్పలా. దానికీ చెప్పలా."

నవ్వు ఒక్కసారిగా ఆగలేదు. ముందు వరసల్లో ఆగింది, మధ్యలో ఆగింది, వెనకాల ఎవరో ఇంకాసేపు నవ్వి, ఇక నవ్వుతున్నది తామొక్కరే అని తెలిసి ఊరుకున్నారు. కాళ్ళు కట్టేసిన కోడి ఒకటి రెక్కలు కొట్టుకుంది.

ఆడవాళ్ళ వైపు నుంచి జయమణి లేచింది. ముసుగు తీసి చెంగు భుజాన వేసుకుంది. పక్కనున్నవాళ్ళు ఆ మెడ చూసి అమ్మో అని నోటికి చెయ్యి అడ్డం పెట్టుకున్నారు. ఆమె ఎవరినీ చూడలేదు.

"స్కాను తీయించమందా?" అని అడిగింది.

"ఆఁ."

"ఎప్పుడు?"

"అప్పుడే. నువ్వు బయట బల్ల మీద కూచున్నప్పుడు."

తిడుతుందని పుల్లయ్య ఎదురుచూశాడు. తిట్టి ఉంటే బాగుండేది. ఆమె చెప్పులు వెతుక్కుని, ఎండలోకి నడిచి వెళ్ళిపోయింది. ఏసురత్నం ఆమె వెనకే పరిగెత్తింది.

దేవరాజ్ గారు వచ్చి పుల్లయ్య చేతిలో మైకు తీసుకున్నాడు. ఆయన దాన్ని నోటి దగ్గర పెట్టుకోలేదు. "ఆ కాగితం ఒకసారి చూపించమని నేనూ అడగలేదు పుల్లయ్యా," అన్నాడు మెల్లగా. "అన్నిచోట్లకీ తిప్పింది నేనే. రేపు ఉదయం నందిగామ ఆటో నేను మాట్లాడతా."

నందిగామలో వాళ్ళ కూతురు మహిమ ప్రైవేటు స్కూల్లో టీచరు. తల్లి మెడ చూసి, "క్రిస్మస్‌కి వచ్చినప్పుడు మఫ్లరు చుట్టుకుని చలంటే నమ్మానమ్మా, నమ్మి బొబ్బట్లు తిని వెళ్ళిపోయా," అని ఏడ్చింది. తండ్రితో ఒక్క మాటా మాట్లాడలేదు. ఆటోలో వచ్చినంతసేపూ జయమణి కూడా మాట్లాడలేదు. ఆ దారిలో ఊళ్ళన్నీ తన చుట్టాలేనని చెప్పుకున్నవాడు, ఎవరూ పలకరించకుండా, మూల సీటులో ముడుచుకుని వచ్చాడు.

అక్కడి ఆస్పత్రిలో డాక్టరమ్మ చిన్నపిల్ల, మహిమ ఈడుది. వెనక నిలబడి మెడ తడుముతూ, "గుటక వెయ్యండమ్మా... ఇంకోసారి..." అంటూ చాలాసేపు చూసింది. మూడు కాగితాలూ చూసింది.

"మూడుసార్లూ నార్మలే కదమ్మా. మరి ఇదెందుకు పెరిగింది?" అని అడిగింది జయమణి. మూడేళ్ళుగా అడగాలనుకున్న మాట అది.

"మీరేం పని చేస్తారు?"

"మిరపకోతకి పోతా."

"చెట్టు పచ్చగా ఉంటది, నిండా కాయుంటది. కానీ లోపల వేరుకి తెగులుంటది. అట్టాంటి చెట్టు చూశారా ఎప్పుడైనా?"

"చూశా. ఒక్కసారిగా వాలిపోద్ది."

"ఈ రక్తపరీక్ష కాయ సంగతే చెప్తదమ్మా. గ్రంథి చెయ్యాల్సిన పని చేస్తందా లేదా, అంతే. గ్రంథి లోపలేముందో దానికి తెలవదు. అది తెలవాలంటే స్కాను తియ్యాలి, సూదితో ముక్క తీసి చూడాలి. మీ రక్తం అబద్ధం చెప్పలేదు, మీ మెడా అబద్ధం చెప్పలేదు."

"అంటే..." జయమణి చెంగు వేళ్ళకు చుట్టుకుంది. "నాలో లోపం కాదు?"

డాక్టరమ్మకు ఆ ప్రశ్న అర్థం కాలేదు. అయినా, "మీలో ఏం లోపమమ్మా? ఎవరన్నారట్టా?" అంది.

జయమణి ఏడ్చింది. మందిరంలో ఏడవలేదు, ఆటోలో ఏడవలేదు. అక్కడ, ముక్కూ మొహం తెలియని ఆ పిల్ల ముందు, స్టూలు మీద కూర్చుని, వాచిన గొంతుతో వచ్చినంత చప్పుడు చేస్తూ ఏడ్చింది. పుల్లయ్య ఓదార్చబోయి చెయ్యి చాపాడు. ఆ చేతిని ఎక్కడ పెట్టాలో తెలియక మళ్ళీ ఒళ్ళో పెట్టుకున్నాడు.

స్కాను తీశారు. సూదిపరీక్ష చేశారు. ఎనిమిది రోజులకు జవాబు వచ్చింది, నార్మల్ కాని మొదటి కాగితం. క్యాన్సర్ అని మహిమ చదివి చెప్పింది. ఈ జబ్బు తొందరగా పట్టుకుంటే చాలామంది నిక్షేపంగా ఉంటారని డాక్టరమ్మ అంది. తొందరగా అంటే ఎన్నాళ్ళని ఎవరూ అడగలేదు.

విజయవాడలో ఆపరేషన్ చేశారు. రెండు గంటలన్నది ఐదు గంటలయింది. మూడో రోజు మధ్యాహ్నం పెద్ద డాక్టరు పుల్లయ్యనూ మహిమనూ గదిలోకి పిలిచి కూర్చోబెట్టి మాట్లాడాడు. బయటికి వచ్చాక మహిమ వరండాలో స్తంభాన్ని పట్టుకుని నిలబడిపోయింది.

"నేను లోపలికి పోలేను నాన్నా. నా మొహం చూస్తే అమ్మకి తెలిసిపోద్ది," అంది. చాలా రోజుల తర్వాత అతనితో మాట్లాడిన మాట అది.

"నేను చెప్తాలేమ్మా."

"ఏం చెప్తావ్?" మహిమ భయంగా చూసింది.

పుల్లయ్య వార్డులోకి వెళ్ళాడు. జయమణి దిండుకు ఆనుకుని కూర్చుని ఉంది. మెడ చుట్టూ తెల్లటి కట్టు. ఎదుటి మంచం మీద పేషెంటుకు ఎవరో నారింజ తొనలు వొలిచి పెడుతున్నారు. పుల్లయ్య స్టూలు దగ్గరికి లాక్కున్నాడు.

"ఏమన్నారు?" అంది ఆమె. గొంతు లేదు, గాలి మాత్రమే వచ్చింది. పెదవులు చూసి అర్థం చేసుకోవాలి.

అతనికి అలవాటు కొద్దీ ఒక మంచి మాట నోటికొచ్చింది. పెద్ద డాక్టరు లేచి నిలబడి చేతులు కలిపాడని, ఇలాంటి మెడ దేశంలోనే చూడలేదన్నాడని. జయమణి అతని ముఖంలోకి చూస్తోంది. ఆ వచ్చేది ఎలాంటి మాటో ఆమెకు వచ్చేముందే తెలుసు.

"మొత్తం చెప్పు," అంది. "ముక్క వదలకుండా."

పుల్లయ్య చెప్పాడు. గడ్డ మొత్తం రాలేదని, ఊపిరి గొట్టం మీద కొంత అంటుకుపోతే వదిలేయాల్సి వచ్చిందని. గొంతు నరం ఒకటి గడ్డలోనే కలిసిపోయిందని, మాట ఇక ఇంతేనని. మిగిలిన జబ్బుకు రేడియేషన్ మందు తాగిస్తారని, తాగినవాళ్ళని కొన్నాళ్ళు విడిగా ఒక గదిలో ఉంచుతారని. అది పని చెయ్యొచ్చు, చెయ్యకపోవచ్చు అన్నారని. ఊపిరితిత్తుల్లో రెండు చుక్కలు కనిపించాయని. చెబుతున్నంతసేపూ చేతులు కదలలేదు, గొంతు ఎక్కడా లేవలేదు, దిగలేదు. ఒక్కొక్క మాటా డాక్టరు ఎలా అన్నాడో అలాగే, వరస తప్పకుండా చెప్పాడు. చివర ఆగి, ఇంకేమైనా మిగిలిపోయిందా అని ఆలోచించి, "మూడేళ్ళ కిందట వచ్చుంటే సగం గ్రంథి తీసి ఇంటికి పంపేవాళ్ళమన్నాడు," అని అది కూడా చెప్పాడు.

జయమణి కళ్ళు మూసుకుంది. కళ్ళ కొసల నుంచి నీళ్ళు కట్టు మీదికి జారాయి. పుల్లయ్య తువ్వాలు అంచుతో ఒత్తాడు. ఆమె వద్దనలేదు.

కళ్ళు తెరిచి, "ఎన్నాళ్ళంట?" అంది.

"అది అడగలా."

"ఎందుకడగలా?"

"భయమేసింది."

జయమణి అతన్ని చూసింది. ఆ చూపులో కోపం ఉంది, జాలి ఉంది, ముప్ఫయ్యేళ్ళ మొదటి సాలు ఉంది. దుప్పటి కింద నుంచి చెయ్యి తీసి అతని మోకాలి మీద వేసి, చిన్నగా తోసింది.

"పోయి అడిగిరా."

పుల్లయ్య లేచాడు. వరండాలో మహిమను దాటి, పెద్ద డాక్టరు గది ముందుకు వెళ్ళాడు. తలుపు మూసి ఉంది. బయట బల్లల మీద పదకొండుమంది కూర్చున్నారు. నర్సు అతన్ని గుర్తుపట్టి, "మీకిందాకే చెప్పారుగా తాతా, మళ్ళీ ఏంటి?" అంది.

"ఒక మాట అడగాలమ్మా," అని పుల్లయ్య పన్నెండోవాడిగా కూర్చున్నాడు.